కాలిఫోర్నియా నిరుద్యోగ బీమా: వారానికి ఎంత, ఎన్ని వారాలు, ఎవరికి రాదు (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ రామోన్ వైపు లేఆఫ్‌లు మొదలైనప్పుడల్లా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇవే ప్రశ్నలు తిరుగుతుంటాయి. జవాబుల్లో సగం టెక్సాస్‌వి, ఇంకో సగం కోవిడ్ నాటివి. ఇక్కడున్నవన్నీ కాలిఫోర్నియా నిబంధనలు. ఈ పథకాన్ని నడిపేది ఎంప్లాయ్‌మెంట్ డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్, అందరూ పిలిచే పేరు ఈడీడీ. వీసా సంగతులు మాత్రం దేశమంతటికీ ఒకటే.

ఇది సర్కారు ఇచ్చే సాయమా? తీసుకోవడం నామోషీ కాదా?

"నిరుద్యోగ భృతి" అనగానే మనకు 2018లో ఆంధ్రప్రదేశ్‌లో నెలకు వెయ్యి రూపాయలిచ్చిన యువనేస్తం లాంటిది గుర్తొస్తుంది. ఇది అలాంటిది కాదు, బీమా. మీరు పనిచేసినంత కాలం మీ కంపెనీ మీ పేరు మీద ప్రీమియం లాంటి పన్ను కట్టింది. కాలిఫోర్నియాలో ఒక్కో ఉద్యోగి ఏడాది జీతంలో మొదటి 7,000 డాలర్ల మీద ఈ పన్ను పడుతుంది, అదీ పూర్తిగా యజమాని జేబులోంచే. పే స్టబ్ (జీతం చీటీ) మీద కనిపించే సీఏ-ఎస్‌డీఐ కోత దీనిది కాదు. అది జబ్బు చేసినప్పుడో, బిడ్డ పుట్టినప్పుడో పనికొచ్చే వేరే బీమాకు పోతుంది. ఉద్యోగి జీతంలోంచి కూడా నిరుద్యోగ బీమాకు కోసే రాష్ట్రాలు మూడే ఉన్నాయి: న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, అలాస్కా.

బీమా గనుక మీ బ్యాంకులో ఎంతుంది, భార్యో భర్తో ఎంత సంపాదిస్తున్నారు, ఇల్లుందా అనేవి ఎవరూ అడగరు.

వారానికి ఎంత వస్తుంది?

కనిష్ఠం 40 డాలర్లు, గరిష్ఠం 450. ఈ 450 అనే అంకె 2005 నుంచి కదల్లేదు. ఏడాదికి రెండు లక్షలు సంపాదించిన ఇంజనీరుకైనా, యాభై వేలు తెచ్చుకున్న డేకేర్ టీచరుకైనా అంతే. బే ఏరియాలో నెల అద్దెకు కూడా చాలదు, నిజమే. అయినా గరిష్ఠంగా దొరికే 26 వారాలకు లెక్క కడితే 11,700 డాలర్లు. వదులుకోవాల్సిన సొమ్మేమీ కాదు.

లెక్క తేలికే. గడిచిన కాలంలో ఏ మూడు నెలల క్వార్టర్‌లో మీకు ఎక్కువ జీతం వచ్చిందో చూసి, ఆ మొత్తాన్ని (పన్నులు కోయకముందు ఉన్నదాన్ని) 26తో భాగిస్తారు. క్వార్టర్‌కు 7,800 వస్తే వారానికి 300, 9,100 వస్తే 350. ఆ క్వార్టర్ జీతం 11,674 డాలర్లు దాటితే నేరుగా గరిష్ఠమే. మరీ తక్కువ జీతాల దగ్గర మాత్రం 26తో భాగించే లెక్క కాకుండా ఈడీడీ పట్టిక వేరేగా ఉంటుంది.

అసలు అర్హత రావాలంటే ఎంత సంపాదించి ఉండాలి?

రెండు దారుల్లో ఏదైనా చాలు. ఎక్కువ జీతం వచ్చిన క్వార్టర్‌లో కనీసం 1,300 డాలర్లు ఉండాలి. లేదా ఆ క్వార్టర్‌లో కనీసం 900 ఉండి, నాలుగు క్వార్టర్ల మొత్తం దానికి ఒకటింబావు రెట్లు (1.25) ఉండాలి. ఫుల్ టైమ్ చేసినవాళ్లు ఇక్కడ ఆగిపోవడం అరుదు.

"బేస్ పీరియడ్" అంటే ఏ నెలలు?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. బేస్ పీరియడ్ అంటే జీతం లెక్కలోకి తీసుకునే 12 నెలలు, అవి చివరి పన్నెండు నెలలు కావు. మీరు క్లెయిమ్ వేసే తేదీని బట్టి ఉంటుంది:

- జనవరి–మార్చిలో వేస్తే: అంతకుముందు సెప్టెంబరుతో ముగిసిన 12 నెలలు
- ఏప్రిల్–జూన్‌లో వేస్తే: నిరుటి జనవరి నుంచి డిసెంబరు దాకా
- జులై–సెప్టెంబరులో వేస్తే: ఆ మార్చితో ముగిసిన 12 నెలలు
- అక్టోబరు–డిసెంబరులో వేస్తే: ఆ జూన్‌తో ముగిసిన 12 నెలలు

అంటే ఈ మధ్య పనిచేసిన మూడు నుంచి ఆరు నెలల జీతం లెక్కలోకే రాదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు దీంతో చిక్కొస్తుంది. 2025 ఆగస్టులో మొదటి ఉద్యోగంలో చేరి డిసెంబరులో పోగొట్టుకున్నారనుకోండి. మామూలు బేస్ పీరియడ్ (2024 జులై–2025 జూన్) సున్నా. అలా అర్హత రానప్పుడు మాత్రమే ఈడీడీ "ఆల్టర్నేట్ బేస్ పీరియడ్" చూస్తుంది, అంటే పూర్తయిన చివరి నాలుగు క్వార్టర్లు. ఇక్కడ 2024 అక్టోబరు–2025 సెప్టెంబరు అవుతుంది కాబట్టి ఆగస్టు, సెప్టెంబరు జీతాలు పనికొస్తాయి. మామూలు దాంట్లో అర్హత వచ్చి మొత్తం తక్కువైందని ఈ రెండోదాన్ని కోరుకోవడం కుదరదు.

అందరికీ 26 వారాలు వస్తాయా?

రావు. మొత్తం మీద రెండు పరిమితులున్నాయి: వారానికి వచ్చే సొమ్ముకు 26 రెట్లు, లేదా బేస్ పీరియడ్ జీతంలో సగం. ఏది తక్కువైతే అది.

పై ఉదాహరణే తీసుకుందాం. ఆగస్టు, సెప్టెంబరుల్లో కలిపి 16,000 డాలర్లు వచ్చిందనుకుంటే వారానికి 450 ఖాయం. కానీ మొత్తం మాత్రం 16,000లో సగం, అంటే 8,000. సుమారు 18 వారాల్లో అయిపోతుంది. ఏప్రిల్ దాకా ఆగి వేస్తే 2025 మొత్తం లెక్కలోకి వచ్చి 26 వారాలూ దక్కుతాయి. మరి ఆగాలా? మా మాట, వద్దు. ఈలోపు మూడు నెలల చెల్లింపులు పోతాయి, ఏప్రిల్లోపు ఉద్యోగం దొరికితే ఏమీ రాదు. క్వార్టర్ మారడానికి వారం పది రోజులే ఉన్నప్పుడు, ముందు క్వార్టర్లలో జీతం బాగా తక్కువైనప్పుడు తప్ప ఈ ఎదురుచూపుతో లాభం లేదు. ఒకసారి క్లెయిమ్ మొదలయ్యాక బేస్ పీరియడ్ మార్చమంటే మార్చరు.

ఆ మొత్తాన్ని 52 వారాల్లోపు వాడుకోవాలి. మధ్యలో ఉద్యోగం దొరికి మళ్లీ పోతే, మిగిలినదాంతో అదే క్లెయిమ్‌ను తిరిగి తెరవవచ్చు.

మా బావ న్యూజెర్సీలో దాదాపు రెట్టింపు తీసుకుంటున్నాడు. నాకెందుకు ఇంతే?

ప్రతి రాష్ట్రానిదీ వేరే చట్టం. 2025లో న్యూజెర్సీ గరిష్ఠం వారానికి 875 డాలర్లు. ఫ్లోరిడాలో 275, అదీ నిరుద్యోగం తక్కువగా ఉన్న కాలంలో 12 వారాలే. మీకు ఏ రాష్ట్రం వర్తిస్తుందో తేల్చేది మీ కంపెనీ ఆఫీసు చిరునామా కాదు, మీరు కూర్చుని పనిచేసిన చోటు. డాలస్ కంపెనీకి ఇర్వైన్‌లో ఇంట్లోంచి పనిచేస్తే కాలిఫోర్నియానే. రెండు రాష్ట్రాల్లో పనిచేసి ఉంటే జీతాలు కలిపి ఒక చోట క్లెయిమ్ వేసే ఏర్పాటు ఉంది. ఈడీడీకి ఫోన్ చేసినప్పుడు "కంబైన్డ్ వేజ్ క్లెయిమ్" అనండి.

హెచ్-1బీ మీద ఉన్నాను. నాకు వస్తుందా?

చాలా వరకు రాదు. మీ జీతం మీద కంపెనీ పన్ను కట్టింది కదా అని వాదించవచ్చు, అది నిజమే కూడా. అడ్డుపడేది జీతం కాదు. డబ్బు అడిగే ప్రతి వారం మీరు "పనికి సిద్ధంగా, అందుబాటులో" ఉండాలి. అంటే రేపు ఎవరైనా రమ్మంటే చట్టబద్ధంగా వెళ్లి చేరగలగాలి. హెచ్-1బీ అనుమతి ఒక్క యజమానితోనే ముడిపడి ఉంది. కొత్త కంపెనీ పిటిషన్ వేసేదాకా మీరు ఎక్కడా చేరలేరు. లేఆఫ్ తర్వాత దొరికే 60 రోజుల గడువు దేశంలో ఉండటానికే గానీ పనిచేయడానికి కాదు.

అప్లై చేయడం తప్పేమీ కాదు. వీసా సంగతి ఉన్నదున్నట్టు చెబితే ఈడీడీ తేలుస్తుంది. "ఫర్వాలేదు, సిటిజన్ అని టిక్ పెట్టేయ్" అని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. సిటిజన్ అని అబద్ధం చెప్పడం ఇమ్మిగ్రేషన్ చట్టంలో జన్మంతా వెంటాడే నేరం. 450 డాలర్ల కోసం గ్రీన్ కార్డు పోగొట్టుకున్నట్టవుతుంది.

ఇంకో మాట. కన్సల్టెన్సీ మిమ్మల్ని ఉద్యోగం నుంచి తీయకుండా ప్రాజెక్టు లేదని బెంచ్ మీద పెట్టి జీతం ఆపితే, అది నిరుద్యోగం కాదు. హెచ్-1బీ ఉద్యోగికి ప్రాజెక్టు లేని రోజుల్లో కూడా యజమాని జీతం ఇచ్చి తీరాలి. దానికి వెళ్లాల్సింది ఈడీడీకి కాదు, కేంద్ర కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగానికి. ఫారం డబ్ల్యూహెచ్-4 మీద 12 నెలల్లోపు ఫిర్యాదు చేయాలి.

హెచ్-4 ఈఏడీ, ఎల్-2, గ్రీన్ కార్డు పెండింగ్ ఉన్నవాళ్ల సంగతి?

ఈఏడీ అంటే పని అనుమతి కార్డు. హెచ్-4 హెచ్-1బీ వాళ్ల కుటుంబానికి, ఎల్-2 ఎల్-1 వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసాలు. ఏ యజమాని దగ్గరైనా చేరే అనుమతి ఉంటే దారి ఉన్నట్టే. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఇబ్బందే లేదు. ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) పెండింగ్ మీద వచ్చే సీ09 ఈఏడీ ఉన్నవాళ్లు కూడా అర్హులే. 2020 అక్టోబరులో గ్రీన్ కార్డు ఫైలింగ్ తేదీలు ఒక్కసారిగా ముందుకు జరిగినప్పుడు దరఖాస్తు చేసిన మనవాళ్లు చాలామంది దగ్గర ఈ కార్డుంది. హెచ్-1బీ మీదే పనిచేస్తూ ఆ కార్డును సొరుగులో పెట్టుకున్నవాళ్లకు ఇప్పుడది అక్కరకొస్తుంది.

హెచ్-4 ఈఏడీ ఉన్నవాళ్లు రెండు విషయాలు చూసుకోవాలి. కార్డు గడువు తీరిన రోజు నుంచి మీరు పనికి "అందుబాటులో" లేనట్టే. 2025 అక్టోబరు 30 నుంచి వేసిన రెన్యూవల్స్‌కు మునుపటిలా ఆటోమేటిక్ పొడిగింపు లేదు, కాబట్టి రెన్యూవల్‌ను ఆఖరి నిమిషం దాకా ఉంచకండి. రెండోది, మీ హోదా హెచ్-1బీ భాగస్వామి ఉద్యోగం మీద ఆధారపడి ఉంది. ఇద్దరి ఉద్యోగాలూ ఒకేసారి పోతే 60 రోజుల గడియారం ఇద్దరికీ తిరుగుతుంది.

ఎల్-2 వాళ్లకు ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు) మీద "ఎల్-2ఎస్" అని ఉంటే వేరే కార్డు అక్కర్లేదు, పని అనుమతి హోదాలోనే ఉంది.

ఓపీటీ మీద ఉన్నాను.

ఓపీటీ అంటే ఎఫ్-1 విద్యార్థులకు చదువుకు సంబంధించిన పని చేయడానికి ఇచ్చే అనుమతి. పన్ను లెక్కన నాన్ రెసిడెంట్‌గా ఉన్నంత కాలం (సాధారణంగా అమెరికా వచ్చిన మొదటి ఐదేళ్లు) కేంద్ర చట్టం ప్రకారం ఎఫ్-1 వాళ్ల జీతం మీద నిరుద్యోగ పన్ను కట్టనక్కర్లేదు. అందువల్ల బేస్ పీరియడ్‌లో మీ జీతమే కనిపించకపోవచ్చు. అంతకంటే ముందు చూసుకోవాల్సింది రోజుల లెక్క: ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులు, స్టెమ్ (సైన్సు, ఇంజనీరింగ్ లాంటివి చదివినవాళ్ల) పొడిగింపుతో కలిపి 150. అవి దాటితే హోదానే పోతుంది.

ఇది తీసుకుంటే "పబ్లిక్ చార్జ్" అని గ్రీన్ కార్డుకు దెబ్బ పడుతుందా?

పడదు. ఉద్యోగం చేసి సంపాదించుకున్న బీమా కాబట్టి పబ్లిక్ చార్జ్ (సర్కారు సాయం మీద ఆధారపడేవాళ్లు) లెక్కలోకి రాదు.

సెవెరెన్స్ ఇచ్చారు, పీటీఓ డబ్బు కూడా వచ్చింది. అవి అయిపోయేదాకా ఆగాలా?

ఆగక్కర్లేదు. ఇలా ఆగిపోయే వాళ్లు పోగొట్టుకున్నంత డబ్బు ఇంకెవరూ పోగొట్టుకోరు. కాలిఫోర్నియాలో సెవెరెన్స్‌ను (తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బును) భృతిలోంచి కోయరు. ఉద్యోగం పోయినప్పుడు వాడుకోని సెలవులకు ఇచ్చే పీటీఓ డబ్బుకూ అంతే. రెండూ ఫారంలో చెప్పాలి, చెప్పినంత మాత్రాన మొత్తం తగ్గదు. కొన్ని రాష్ట్రాల్లో తగ్గుతుంది, గందరగోళం అక్కడి నుంచే వచ్చింది.

ఒక తేడా గమనించండి. "రెండు నెలలు పనికి రానక్కర్లేదు, పేరోల్ మీదే ఉంటావు" అని చెప్పి ప్రతి రెండు వారాలకూ మామూలుగా జీతం వేస్తుంటే మీరింకా ఉద్యోగిలోనే లెక్క. కంపెనీ ఇచ్చిన కాగితంలో "సెపరేషన్ డేట్" ఏదని రాసి ఉందో చూసి, ఆ తేదీ తర్వాత క్లెయిమ్ వేయండి. నోటీసుకు బదులుగా ఇచ్చే డబ్బును మాత్రం జీతంగానే చూస్తారు, ఏ వారానికి ఇచ్చారో ఆ వారం కింద చూపాలి.

ఎప్పుడు వేయాలి? ఏమేం దగ్గర పెట్టుకోవాలి?

ఉద్యోగం పోయిన వారంలోనే. ఈడీడీ వారం ఆదివారం మొదలై శనివారంతో ముగుస్తుంది. మీరు ఏ రోజు వేసినా క్లెయిమ్ ఆ వారపు ఆదివారం నుంచి లెక్క. శనివారం వేయాల్సింది బద్ధకించి ఆదివారం వేస్తే ఒక వారం పోయినట్టే. వెనక తేదీ వేయమంటే గట్టి కారణం చూపాలి. "నాకు తెలియదు" అన్నది సాధారణంగా చెల్లదు.

దగ్గర ఉంచుకోవాల్సినవి: సోషల్ సెక్యూరిటీ నంబరు, గత 18 నెలల్లో పనిచేసిన అన్ని కంపెనీల పేర్లు, చిరునామాలు, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, మొత్తం జీతం, ఆఖరి వారం (ఆదివారం నుంచి చివరి రోజు దాకా) సంపాదన, ఎందుకు పోయిందో ఒక్క ముక్కలో. కంపెనీ పేరు డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్నుల కాగితం) మీద ఎలా ఉందో అలాగే రాయాలి. క్లయింట్ పేరు రాసి కన్సల్టెన్సీ పేరు వదిలేయడం మనవాళ్లు తరచూ చేసే తప్పు. సిటిజన్ కానివాళ్లు గ్రీన్ కార్డో ఈఏడీయో చూసి ఏలియన్ నంబరు ఒక్క అంకె కూడా తప్పకుండా ఎక్కించాలి. దాన్ని కేంద్ర ప్రభుత్వ రికార్డుతో సరిచూస్తారు, ఒక అంకె తేడా వస్తే వారాల తరబడి ఆగుతుంది.

ఆన్‌లైన్‌లో మై-ఈడీడీ ఖాతా తెరిచి యూఐ ఆన్‌లైన్‌లో వేయడం మేలు. గుర్తింపు పరీక్ష ఐడీ డాట్ మీ ద్వారా జరుగుతుంది. మన పేర్లతో తంటా వచ్చేది ఇక్కడే: పాస్‌పోర్టులో ఇంటిపేరు ఖాళీగా ఉండి వీసా మీద "ఎఫ్ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని పడటం, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద మొదటి పేరూ ఇంటిపేరూ తారుమారవడం. పేరు సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఉన్నట్టే ఇవ్వండి. ఇతర కాగితాల మీద తేడా ఉంటే, వేరే పేర్లతో పనిచేశారా అని అడిగే చోట ఆ రూపం కూడా రాయండి.

తర్వాత 21 రోజుల్లోపు క్యాల్‌జాబ్స్ సైటులో రెజ్యూమే పెట్టాలి. లింక్డ్‌ఇన్‌లో ఉందిగా అంటే ఒప్పుకోరు.

అప్లై చేశాను. 450 కాగితం వచ్చింది. అంటే ఓకే అయిందా?

కాలేదు. పోస్టులో వచ్చే "నోటీస్ ఆఫ్ అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ అవార్డ్" చెప్పేది మీ జీతాల లెక్క ప్రకారం ఎంత రావచ్చో మాత్రమే. ఉద్యోగం ఎందుకు పోయింది, పని అనుమతి ఉందా అనేవి ఇంకా తేలాలి. ఆ కాగితంలో క్వార్టర్ల వారీగా జీతాలుంటాయి, ఒక్కొక్కటీ పే స్టబ్‌లతో సరిచూడండి. ఏదైనా కంపెనీ జీతం సున్నా చూపిస్తే, ఆ కంపెనీ మీ జీతం ఈడీడీకి రిపోర్టు చేయలేదనో, వేరే రాష్ట్రంలో చేసిందనో, మీ సోషల్ నంబరు తప్పు ఎక్కించిందనో అర్థం. 30 రోజుల్లోపు డబ్ల్యూ-2, పే స్టబ్‌లు జతచేసి సరిదిద్దమని అడగాలి.

1099 మీదో (ఉద్యోగిగా కాక కాంట్రాక్టరుగా), సొంత ఎల్ఎల్‌సీ పెట్టి సీ2సీ మీదో (మీ కంపెనీ తరఫున బిల్లు వేస్తూ) పనిచేసినవాళ్లకు ఇక్కడ సున్నా రావడం తప్పు కాదు. మీ తరఫున ఎవరూ పన్ను కట్టలేదు. పేరుకు 1099 ఇచ్చి, టైమింగులు, లాప్‌టాప్, పని పద్ధతి అన్నీ కంపెనీయే నిర్ణయించి ఉంటే మాత్రం మీరు ఉద్యోగే అని ఈడీడీ తేల్చే అవకాశం ఉంది. క్లెయిమ్ వేసి ఆ సంగతి చెప్పండి.

మొదటి డబ్బు ఎప్పుడు పడుతుంది?

చిక్కులు లేకపోతే సుమారు మూడు వారాల్లో. మొదటి వారం "వెయిటింగ్ వీక్", దానికి డబ్బు ఇవ్వరు. కానీ ఆ వారానికి కూడా సర్టిఫై చేయాలి (ఈడీడీ ప్రశ్నలకు జవాబిచ్చి ఆ వారం డబ్బు అడగాలి), లేకపోతే వెయిటింగ్ వీక్ తర్వాతి వారానికి జరుగుతుంది. అందుకే మొదటిసారి రెండు వారాలకు సర్టిఫై చేసినా ఒక్క వారం డబ్బే పడుతుంది. తగ్గించారని కంగారుపడి ఫోన్ చేయనక్కర్లేదు.

డైరెక్ట్ డిపాజిట్, డెబిట్ కార్డు, చెక్కు, మూడూ ఉన్నాయి. కార్డు పిన్ అడుగుతూ "ఈడీడీ నుంచి" అని వచ్చే ఫోన్లూ మెసేజిలూ మోసమే.

రెండు వారాలకోసారి సర్టిఫికేషన్‌లో ఏ జవాబు డబ్బు ఆపుతుంది?

ప్రశ్నలు ఆరే, ప్రతి వారానికీ విడిగా జవాబివ్వాలి. జబ్బు చేసి పనిచేయలేకపోయారా? ఇంకే కారణంతోనైనా ఫుల్ టైమ్ పని ఒప్పుకోలేని పరిస్థితా? పని వెతికారా? వచ్చిన పని వద్దన్నారా? చదువో శిక్షణో మొదలుపెట్టారా? పనిచేశారా, డబ్బు సంపాదించారా?

తొందరలో అన్నిటికీ "నో" కొట్టుకుంటూ పోతే పని వెతికారా అన్నదానికీ "నో" పడిపోతుంది, ఆ వారం ఆగుతుంది. వెతికిన కంపెనీలు, తేదీలు, ఎలా అప్లై చేశారో ఒక షీట్‌లో రాసి పెట్టుకోండి, అడిగితే చూపాలి. రెండోది చదువు: ఆన్‌లైన్ కోర్సు ఏదో సాయంత్రాల్లో చూస్తున్నా "యెస్" అంటే ఇంటర్వ్యూ పడుతుంది. దాచకండి. పని దొరికితే మానేస్తాననీ, పని వేళలకు అడ్డు రాదనీ వివరంగా రాయండి. పూర్తిస్థాయి కోర్సు చేయాలనుకుంటే ముందే "కాలిఫోర్నియా ట్రైనింగ్ బెనిఫిట్స్" కింద ఆమోదం అడగవచ్చు.

ఆరో ప్రశ్న పూర్తి పాఠం చూడండి: డబ్బు చేతికి వచ్చినా రాకపోయినా పనిచేశారా అని. నెలాఖరున జీతం వచ్చినా, ఏ వారం పనిచేశారో ఆ వారం కిందే, పన్ను కోయకముందు మొత్తం చూపాలి. కొత్త ఉద్యోగంలో చేరి మొదటి జీతం పడేదాకా సర్టిఫై చేస్తూ పోవడం వల్లే ఎక్కువ రికవరీ నోటీసులు వస్తాయి. కంపెనీలు కొత్తగా చేరినవాళ్ల వివరాలు ఈడీడీకి పంపుతాయి, రెండూ పోల్చి పట్టుకుంటారు.

పార్ట్ టైమ్ చేస్తే ఎంత తగ్గుతుంది?

వారానికి 100 డాలర్ల లోపు వస్తే అందులో 25 వదిలేస్తారు. అంతకు మించితే సంపాదనలో పావు వంతు వదిలేసి మిగిలిన ముప్పావు కోస్తారు. మీ మొత్తం 450 అయి, వారంలో 200 సంపాదిస్తే: 50 వదిలి 150 కోత, చేతికి 300. సంపాదనతో కలిపితే 500. వారానికి 600 చేరితే భృతి సున్నా. ఆ వారం కోసినది పోదు, మీ ఖాతాలో మిగిలి తర్వాతి వారాలకు పనికొస్తుంది. ఉబర్, డోర్‌డాష్ సంపాదన కూడా చెప్పాల్సిందే.

ఖాళీగా ఉన్నాను కదా, ఇండియా వెళ్లి రావచ్చా?

వెళ్లండి, కానీ ఆ వారాలకు డబ్బు రాదు. హైదరాబాద్‌లో ఉండి సోమవారం సాన్ హోసేలో పనిలో చేరలేరు కదా. రెండో ప్రశ్నకు ఆ వారాలకు "యెస్" అని చెప్పాలి. గుంటూరులో కూర్చుని ఏమీ చెప్పకుండా సర్టిఫై చేస్తే లాగిన్ ఎక్కడి నుంచి జరిగిందో వాళ్లకు కనిపిస్తుంది. వాడని వారాల డబ్బు మిగిలే ఉంటుంది, తిరిగొచ్చాక క్లెయిమ్ మళ్లీ తెరవండి.

నేనే రాజీనామా చేశాను / పనితీరు బాగాలేదని తీసేశారు.

రెండూ వేర్వేరు. పనితీరు చాలక తీసేయడం, పీఐపీ (పనితీరు మెరుగుపరుచుకోమని ఇచ్చే గడువు) పెట్టి పంపేయడం "మిస్‌కాండక్ట్" కాదు. అబద్ధపు టైమ్‌షీట్లు, చెప్పాపెట్టకుండా మానేయడం, తెలిసి నిబంధన తప్పడం లాంటివే మిస్‌కాండక్ట్. కాబట్టి పీఐపీ వాళ్లు సిగ్గుపడి ఊరుకోనక్కర్లేదు.

రాజీనామాకు మాత్రం బలమైన కారణం ఉండాలి, మానేసేముందు సర్దుకునే ప్రయత్నం చేసినట్టు కూడా చూపాలి. భార్యకో భర్తకో దూరపు ఊరికి బదిలీ అయి వెంట వెళ్లాల్సి రావడం కాలిఫోర్నియాలో మంచి కారణమే. హెచ్ఆర్ వాళ్లు "రాజీనామా అని రాసిస్తే రికార్డు శుభ్రంగా ఉంటుంది" అంటే సంతకం పెట్టేముందు ఆలోచించండి. లేఆఫ్‌కు వచ్చే హక్కు ఆ కాగితంతో వివాదంలో పడుతుంది. అనర్హత వేస్తే, కొత్త పనిలో మీ వారపు భృతికి ఐదు రెట్లు సంపాదించేదాకా అది తొలగదు.

కాదన్నారు. ఇక అంతేనా?

నిర్ణయం కాగితం మీద వేసిన తేదీ నుంచి 30 రోజుల్లో అప్పీలు చేయవచ్చు, ఖర్చు లేదు. ఒక జడ్జి ఫోన్‌లోనో ఎదురుగానో వింటారు, తెలుగు దుబాసీని కూడా అడగవచ్చు. ముఖ్యమైన సంగతి: అప్పీలు తేలేదాకా ప్రతి రెండు వారాలకూ సర్టిఫై చేస్తూనే ఉండాలి. గెలిచినా సర్టిఫై చేయని వారాలకు డబ్బు ఇవ్వరు. దీనికి ముందే ఈడీడీ ఫోన్ ఇంటర్వ్యూ పెట్టి ఉంటే దాన్ని వదులుకోకండి. ఎత్తకపోతే కంపెనీ చెప్పిందే వేదం.

పన్ను ఉంటుందా?

కేంద్రానికి ఉంటుంది, కాలిఫోర్నియాకు ఉండదు. అడిగితే 10 శాతం ముందే కోస్తారు, అడక్కపోతే ఏమీ కోయరు. భాగస్వామి జీతం బాగా ఉంటే కోయించుకోండి, లేకపోతే ఏప్రిల్లో ఒకేసారి కట్టాలి. జనవరిలో ఎంత తీసుకున్నారో చూపే 1099-జీ వస్తుంది. రాష్ట్ర బీమా మార్కెట్ అయిన కవర్డ్ కాలిఫోర్నియాలో ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు కూడా దీన్ని ఆదాయంగా చూపాలి. ఆఫీసు బీమా పోయిన 60 రోజుల్లోపు అక్కడ చేరాలన్నది మరచిపోకండి.

ఎక్కువ ఇచ్చాం, తిరిగి కట్టమని నోటీసు వచ్చింది.

మీ తప్పు లేకుండా జరిగి, కట్టడం కష్టమైతే మాఫీ అడగవచ్చు. కావాలని తప్పు చెప్పారని తేల్చితే అసలు మీద 30 శాతం జరిమానా, 23 వారాల వరకు అనర్హత. పొరపాటు జరిగిందని మీకే తెలిస్తే నోటీసు రాకముందే రాసి చెప్పండి, మోసం అన్న ముద్ర పడకుండా ఉండటానికి అదే మంచి దారి.

26 వారాలు అయిపోయాయి. పొడిగింపు?

రాష్ట్రంలో నిరుద్యోగం బాగా పెరిగి కేంద్ర పొడిగింపు అమల్లోకి వస్తే తప్ప లేదు. కోవిడ్ కాలపు 600 డాలర్ల అదనం 2020 జులైలోనే, 300 డాలర్లది 2021 సెప్టెంబరులోనే ఆగిపోయాయి. 52 వారాల గడువు ముగిశాక కొత్త క్లెయిమ్ వేయవచ్చు, కానీ పాత క్లెయిమ్ మొదలయ్యాక మళ్లీ ఎంతో కొంత పనిచేసి ఉండాలి.